ధూపం ఆరకముందే

“తాతా! ముట్టుకోకు!”

రుంగ్ పరుగెత్తుకొచ్చేసరికే ముసలాయన అరిటాకు పొట్లం విప్పి, అందులోని అరటిపండు కలిపిన తీపి అన్నం నోట్లో పెట్టేసుకున్నాడు.

క్వాయ్ నది వంతెన మొదట్లో, నల్లటి ఇనుప దూలం పక్కన ధూపం ఇంకా పొగలు కక్కుతోంది. చుట్టూ ఫొటోలు తీసుకునే పర్యాటకులు. ఈయనా వాళ్ళలో ఒకడే. మలేసియా గుంపుతో వచ్చాడు.

“అది చచ్చిపోయినాయనకి పెట్టింది! ధూపం ఆరాకే మనుషులు ముట్టాలి. ఆ మాత్రం తెలీదా?”

“ఆకలేసిందమ్మా,” అన్నాడు వచ్చీరాని థాయ్‌లో. “అరటిపండు వాసనకి ఆగలేకపోయాను. ఇంతకీ ఎవరాయన?”

రుంగ్‌కి ఒళ్ళు మండిపోతోంది. అయినా చెప్పింది.

“యుద్ధంలో ఈ రైలుదారి వెయ్యడానికి జపాన్ వాళ్ళు తోలుకొచ్చిన కూలీ. వంతెన మీద బాంబులు పడ్డ రోజు మా అమ్మమ్మ ఇక్కడే అరటిపళ్ళు అమ్ముతోంది. చిన్నపిల్ల. హడలిపోయి నదిలో పడింది. ఆయన దూకి, ఆమెను వెదురు తెప్ప మీదికి తోసేసి, తను కొట్టుకుపోయాడు. పేరైనా తెలీదు.”

ముసలాయన నమలడం ఆపేశాడు.

“ఏటా అమ్మమ్మే వచ్చి పెట్టేది. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది. రేపోమాపో అన్నట్టుంది. నేను వెళ్ళగానే ఒకటే అడుగుతుంది, ‘ఆయన తిన్నాడా?’ అని. నువ్వు మింగేశావని చెప్పనా?”

“ఆమె... బతికే ఉందా?” అన్నాడాయన. “ఒక్కసారి చూడొచ్చా?”

“ఎందుకు? ఆవిడ గంజి కూడా తాగేద్దామనా?”

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఏదో చెప్పడానికి నోరు తెరిచేలోగా రైలు కూత పెట్టింది. గుంపు నాయకుడు కేకలేస్తూ వచ్చి ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. పోతూ పోతూ ఆయన ఇనుప దూలాన్ని అరచేత్తో ఒకసారి నిమిరాడు.

రైలు వంతెన ఎక్కింది. ఇనుమంతా ఒక్కసారిగా మోగింది. పుట్టినప్పటి నుంచీ వింటున్నదే అయినా, ఆ మోతకి రుంగ్ ఒళ్ళు జలదరిస్తుంది. చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. ఎన్ని ప్రాణాలు పోతే నిలబడ్డ వంతెన అది!

కిటికీలోంచి ముసలాయన తల బయటికి పెట్టాడు. చెంపల మీద నీళ్ళు.

“కోప్‌తో చెప్పు తల్లీ, ఆయన తిన్నాడని! కడుపు నిండా తిన్నాడని!”

“చెప్తాలే, తల లోపల పెట్టుకో!” అని విసుగ్గా అరిచింది రుంగ్.

రైలు అవతలి గట్టెక్కి చెట్ల వెనక మాయమయ్యాక గానీ ఆమెకి తట్టలేదు, కోప్ అన్నది అరటిపళ్ళు అమ్మే రోజుల్లో అమ్మమ్మ ముద్దుపేరని, ఆ పేరు తాను ఆయనకి చెప్పనేలేదని.