కంటికి ఆనని వల

ఒక పొదల అడవిలో కౌజుపిట్ట ఒకటి పక్షులకు వలల పాఠం చెప్పేది. "తాడు ముడులు కనిపిస్తే వాలకండి, కనిపించకపోతే భయం లేదు" అనేది. పదేళ్లుగా ఆ మాట ఎన్నో ప్రాణాలను కాపాడింది.

ఒకనాడు గోరింక వచ్చి, "పంతులమ్మా, వేటగాళ్లు కొత్త వలలు తెచ్చారట. కొండ అవతల పాఠాలు చెప్పేవాళ్లకే పాఠాలు చెబుతున్నారు. నాలుగు రోజులు వెళ్లిరండి" అంది.

"ఇన్నేళ్లు చెప్పినదాన్ని, ఇప్పుడు వెళ్లి పిల్లల్లో కూర్చోమంటావా?" అని కౌజుపిట్ట ముఖం తిప్పుకుంది.

దాని దగ్గర ఒక గువ్వ చదువుకునేది. తన పిల్లలకు మేత పెట్టి, పొద్దెక్కాక ఆయాసపడుతూ వచ్చేది. విన్న ప్రతి మాటా రెండుసార్లు అప్పజెప్పిగానీ గూటికి వెళ్లేది కాదు.

ఆ వారంలోనే గువ్వకు ఒకచోట నూకలు కనిపించాయి. అది నేలంతా పరికించి చూసింది. ఎక్కడా తాడు లేదు, ముడి లేదు. ధైర్యంగా వాలింది. వెంట్రుకంత సన్నటి దారాలు కాళ్లకు చుట్టుకున్నాయి.

"పంతులమ్మా, నేను చూసే వాలాను!" అని అరిచింది.

ఆ అరుపు విని కౌజుపిట్ట పరుగెత్తుకొచ్చేసరికి వేటగాడు గువ్వను సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు కౌజుపిట్ట గువ్వ పిల్లలను గోరింకకు అప్పగించి కొండ దాటింది. చివరి వరుసలో కూర్చుంది.

"వలల గురించి మీకేం తెలుసు?" అని అక్కడ పాఠం చెప్పే పికిలిపిట్ట అడిగింది.

"నా పాఠం ఒక్క ముక్క తప్పకుండా నేర్చుకున్న గువ్వ వలలో పడింది" అంది కౌజుపిట్ట. "మొదటి నుంచి చెప్పండి."