లైట్‌హౌస్ దాకా

"ఎవరు నడిచినా నడకే గదా, దానికింత రాద్ధాంతం ఏంది?" అన్నాడు ఖలీలుల్లా, అన్నం పళ్లెం ముందుకు లాక్కుంటూ.

ఇర్ఫానా ఫోను తీసి భర్త ముఖం ముందు పెట్టింది. తెర మీద 'అభినందనలు' అని ఉంది. కింద తెల్లటి లైట్‌హౌస్ ఫొటో.

ఏ దేశానిదో ఒక సముద్రతీరం అది. కొండ అంచుల వెంబడి పొడుగాటి దారి. మనం ఎక్కడ నడిచినా ఫోనులోని యాప్ అడుగులు లెక్కపెట్టి, ఆ దారిలో మనల్ని ముందుకు జరుపుతుంది. మలుపు తిరిగినప్పుడల్లా అక్కడి ఫొటో ఒకటి చూపిస్తుంది. వేసవి నుంచీ ఉదయగిరిలో తమ మిద్దె మీద, నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగి ఇర్ఫానా ఆ దారంతా నడిచింది. ఈ సాయంత్రం నడిస్తే చివరికి చేరేది. పొద్దున మడమ నొప్పికి ఆత్మకూరు డాక్టరు దగ్గరికి పోతూ ఫోను ఛార్జింగులో మరిచిపోయింది. తిరిగొచ్చేసరికి నడక పూర్తయిపోయి ఉంది.

"పెళ్లయినాక నాకంటూ మొదలుపెట్టింది ఇదొక్కటే. అది కూడా నేను లేకుండానే అయిపోయింది."

తాను రోజంతా అంగట్లోనే ఉన్నానన్నాడు ఖలీలుల్లా. కాలేజీకి పోయానంది కూతురు సుమయా. ఇర్ఫానా విసురుగా ఫోను కవరు ఊడదీసింది. సన్నటి చెక్కపొడి రాలింది.

ముగ్గురూ వరండా వైపు చూశారు. అత్త షరీఫా అక్కడ ఆర్డరుకు చేస్తున్న చెక్క గరిటెను గరుకు కాగితంతో రుద్దుతోంది. కోడలు గానుగెద్దయిందని వీధంతా చెప్పుకు తిరిగింది ఆమే.

"ఫోను చేతికి కట్టుకోని గరిటెలు రుద్దినారా, అత్తా?"

చెయ్యి ఊగినప్పుడల్లా ఒక అడుగు పడిందనుకుంది ఫోను.

షరీఫా తలెత్తలేదు. "నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు రోజూ ఆ ఫొటోలు చూస్తా ఉండాను మే. చివర ఏముండాదో చూడాలనిపించింది. నీ కాలు చూస్తే ఇప్పట్లో నడిచేట్టు లేదు."

ఇర్ఫానా కవరులో మిగిలిన పొడి దులిపి మళ్లీ ఫోనుకు తొడిగింది. ఖలీలుల్లాకు పీడ వదిలినట్టయింది. ఇర్ఫానాను ఇంక మిద్దె ఎక్కడం మానేసి, గరిటెల ఆర్డరులో అమ్మకు సాయం చెయ్యమన్నాడు.

షరీఫా గరిటె పక్కన పెట్టి, చేతుల పొడి దులుపుకుంది. గొంతు పెంచకుండా ముగ్గురికీ చెప్పింది.

"ఆర్డరు నువ్వే చూసుకోరా. ఆ సముద్రం ఫోన్లో అరచేతంత ఉండాది. దీని కాలు నయం కాంగానే మేమిద్దరం విశాఖపట్నం పోతాం, ఆడ కొండల అంచున నడిచేదానికి."