గుండీల డబ్బా

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. మంచం మీద అమ్మమ్మ, ఎదురుగా ఫిజియో మేడమ్, గుమ్మంలో పెద్దమ్మ, గోడవారన మూగపిట్ట. మొహమాటంతో నోరు విప్పని మనవరాలికి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరది. కిటికీ దగ్గరున్న కుట్టుమిషన్‌ని కూడా కలిపితే ఐదుగురు. పెద్దమ్మ వచ్చింది దాన్ని పట్టుకుపోవడానికే.

కీమో మందులు కాన్సర్‌ని తరిమాయి గానీ, పోతూ పోతూ అమ్మమ్మ వేళ్ళ నరాలను దెబ్బతీశాయి. ఒకటే మంట, తిమ్మిరి. పోయిన నెల మిషన్ సూది వేల్లో దిగినా ఆమెకు తెలియలేదు. తెల్లబట్ట ఎర్రబడ్డాక చూసుకుంది. అప్పటినుంచి నరాల మాత్రలు, పొద్దున్నే ఇసుకలో చేతులు పెట్టి పిసకడాలు. ఇవాళ పరీక్ష.

"కళ్ళు మూసుకుని, ఏ గుండీయో తాకి చెప్పాలమ్మగారూ. పదికి ఎనిమిది చెబితే మిషన్ తొక్కొచ్చు," అంది మేడమ్.

"చెప్పకపోతే మిషన్ మా ఇంటికే," అంది పెద్దమ్మ.

"తీసుకెళ్ళి ఏం చేస్తావే, సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు నీకు. కిందపడితే ఏరుకోలేను గానీ, ఆ స్టీలు పళ్ళెం ఇలా పెట్టు," అంది అమ్మమ్మ.

నలభై ఏళ్ళ గుండీల డబ్బా తెరిచారు. ఏ రెండు గుండీలూ ఒక్కలా లేవు. మొదటిది వేళ్ళలోంచి జారి ఠంగున పడింది.

"ఫర్వాలేదు, మళ్ళీ పట్టుకోండి."

"అక్కర్లేదు. ఇత్తడిది," అని అమ్మమ్మ పెద్దమ్మ వైపు తిరిగింది. "మీ నాన్న కోటుది. ఫొటో కోసం కుట్టించుకుని, దిగకముందే ఊడగొట్టుకున్నాడు మహానుభావుడు."

రెండోదీ జారింది, టక్కున. "చెక్కది. నీ మొదటి గౌనుది. వేసుకోనని మంచంకోడు పట్టుకుని ఏడ్చావు."

"నాకేం గుర్తులేదు," అంటూనే పెద్దమ్మ గుమ్మం వదిలి వచ్చి పక్కన కూర్చుంది.

మూడోది టిక్కుమంది. "ప్లాస్టిక్‌ది. మూగపిట్టా, మీ అమ్మ బడి చొక్కాదే. పాఠం రాకపోతే గుండీ నమిలేది."

జారని గుండీ లేదు, కథ లేని గుండీ లేదు. పదికి పది. పెద్దమ్మ కళ్ళొత్తుకుంది. "పట్టు ఇంకా రావాలి గానీ స్పర్శ వచ్చేసింది," అని మేడమ్ రాసుకుని వెళ్ళింది. పెద్దమ్మ కూడా మిషన్ జోలికి పోకుండా వెళ్ళిపోయింది.

మూగపిట్టకి ఇంకా వినాలనిపించింది. గుండీలు ఎగిరి కింద పడకుండా పళ్ళెంలో తువ్వాలు మడిచి వేసింది.

"నాకోసం ఇంకొక్కటి, అమ్మమ్మా."

అమ్మమ్మ నవ్వుతూ కళ్ళు మూసుకుంది. గుండీ జారి తువ్వాలు మీద పడింది. ఎవరో పిలుస్తారని చెవి ఒగ్గినట్టు ఆమె అలాగే కూర్చుంది.

"ఎవరిది, అమ్మమ్మా?"

అమ్మమ్మ కళ్ళు తెరిచి, తువ్వాలు తీసి మనవరాలి చేతిలో పెట్టింది. "నువ్వు మూగపిట్టవి కదూ," అంటూ తల నిమిరి, గది బయటికి పంపి తలుపేసుకుంది.

లోపల పళ్ళెం ఠంగుమన్నాకే, "ఇత్తడిది," అన్న అమ్మమ్మ గొంతు వినిపించింది.