తలుపు మీద సుద్దరాత

కల్లూరు శివారు కాలనీలో వాంతులు, విరేచనాలు మొదలై నాలుగు రోజులైంది. ఆశా కార్యకర్త రెజీనా ఇంటింటికీ ఓఆర్ఎస్ పాకెట్లు పంచి, తలుపుల మీద సుద్దముక్కతో ఎందరికి జబ్బో రాస్తోంది. ఎవరూ లేని ఇంటికి ‘తాళం’ అని రాస్తుంది. ఆ మాట కనిపిస్తే మందులవాళ్లు, నీళ్ల ట్యాంకరు ఆగకుండా పోతారు.

చీకటి పడ్డాక చివరి సందులో సువార్తమ్మ ఆమెను ఆపింది.

“మార్తవ్వ ఇంటికి తాళమని రాస్తివే, ఆ యవ్వ యాడికి పోతాదమ్మా? మొన్నంతా లోపల్నుంచి తలుపు కొడ్తాన్నెట్టు ఇనపడె. మూడు మూడు దెబ్బలు. నువ్వే రాసినావు గదా, గాలికేమోలే అనుకుంటిమి. ఈ పొద్దు ఇనపళ్యా.”

రెజీనాకు గుర్తొచ్చింది. ఆ రోజు అలసిపోయి, తలుపు తట్టకుండానే రాసేసింది.

పరుగున వెళ్లింది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. మంచం పక్కన చెంబు బోర్లా పడి ఉంది. సెల్‌ఫోన్ వెలుగులో తడి అడుగులు గడప దాటి సందులోకి వెళ్తూ కనిపించాయి. అవి ఏ గుమ్మం దగ్గరా ఆగలేదు, రెజీనా ఇంటి దగ్గర తప్ప.

ఆమె తలుపు మీద ‘తాళం’ అని ఉంది. తను రాయలేదు, అయినా దస్తూరీ తనదే. గొళ్లెం కూడా పెట్టి లేదు, కానీ ఎంత తోసినా తలుపు కదల్లేదు. లోపల కూతురు ఎస్తేరు ఒక్కతే ఉంది.

లోపలి నుంచి మూడు దెబ్బలు వినిపించాయి.

“ఎస్తేరూ!” అని రెజీనా అరిచింది. పక్కింటి దావీదురాజు బయటికొచ్చి, సుద్దరాత వైపు చూశాడు.

“తాళమని రాసుండాది గదమ్మా. గాలికేమోలే,” అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

మళ్లీ మూడు దెబ్బలు. ఈసారి మెల్లగా.