దీవి పేరు పెట్టుకున్న తొండ

సముద్రం మధ్యలో గుప్పెడంత ఇసుకదీవి. పడవలో వచ్చిన పండితులు అక్కడి తొండజాతికి ఆ దీవి పేరే పెట్టి, పుస్తకాలకెక్కించి వెళ్లిపోయారు. ఇక తొండ నేల మీద నిలిస్తే ఒట్టు!

గుడ్లు పెట్టడానికి ఏటా వచ్చే సముద్రపు పిట్టకు అది అడ్డుపడింది.

"నీ పేరులో ఈ దీవి ఉందా? లేదుగా! ఫో అవతలికి!"

పిట్టకు ఒళ్లు మండింది. "మా అమ్మమ్మ కూడా ఈ ఇసుకలోనే పుట్టింది. పేరు పెడితే దీవి నీకు రాసిచ్చినట్టా?" అంటూ మూలనున్న రాళ్ల మధ్య సర్దుకుంది.

కొన్నాళ్లకు ఇసుక తవ్వే ఓడ వచ్చింది. తొండ మెడ ఎర్రగా ఉబ్బించి ఎదురెళ్లింది.

"ఆగండి! ఇది నా పేరున్న దీవి!"

"జాగ్రత్తరోయ్! దీని జాతి ఇంకెక్కడా దొరకదు," అన్నాడు ఓడ యజమాని. తొండను దూది పరిచిన బుట్టలో మెత్తగా పెట్టించాడు. ఆ తర్వాత తీరిగ్గా దీవిని తవ్వుకుపోయాడు.

మరుసటేడు పిట్ట వచ్చేసరికి అక్కడ అన్నీ నీళ్లే. ఒడ్డు కోసం వెతుక్కుంటూ పట్నం చేరి, జూలో ఒక అద్దాల పెట్టె ముందు వాలింది. లోపల తొండ. పైన బోర్డు మీద పెద్ద అక్షరాల్లో దీవి పేరు.

"చూశావా, నా పేరెంత భద్రంగా ఉంచారో!" అంటూ తొండ తల ఊపబోతే అద్దానికి కొట్టుకుంది.

"పేరుకి అద్దాలమేడ కట్టారు, గుప్పెడు ఇసుక మిగల్చడానికి మాత్రం వాళ్లకి చేతులు రాలేదు!" పిట్ట భగ్గుమంది. "నా కడుపులో గుడ్డుంది. ఎక్కడ పెట్టమంటావు, ఆ బోర్డు మీదా?"