అయిదో టైరు

వరదకు కల్వర్టులన్నీ కొట్టుకుపోయిన ఏడు అది.

పుంగనూరు చుట్టూ దారులన్నీ గుంతలే. పికప్ బండ్ల వాళ్ళు చిన్న టైర్లు తీసేసి పెద్దవి వేయించారు.

నాలుగు టైర్లు కుదిరాయి. అయిదోది కుదరలేదు.

స్టెప్నీ ఉండేది బండి అడుగున. ఆ చోటు చిన్న టైరుకు చేసింది.

పెద్దపంజాణి నారాయణస్వామి తన పికప్ తెచ్చి మెకానిక్ దేవప్ప షెడ్డు ముందు నిలిపాడు.

"స్టెప్నీ పైన తొట్టిలో వేసుకోరాదా?" అన్నాడు దేవప్ప.

"తొట్టి నిండా పట్టుగూళ్ళ గంపలప్పా. టైరు తగిలితే నలిగిపోతాయి."

"అట్లయితే స్టెప్నీ లేకుండా పో."

"ఈ దారిలోనా? రేపటికి సంత చేరకుంటే పురుగు గూడు తొలుచుకొని బయటికొస్తాది. పిల్లాజెల్లా నెల దినాలు ఆకేసి మేపినాము."

దేవప్ప నవ్వాడు.

"మదనపల్లె నుంచి కుప్పం దాకా దీన్ని ఎక్కించే మొగోడు ఒకడే ఉండాడు. సరిగ్గా ఆడికే వచ్చినావు."

గొలుసు, కొక్కెం తీసుకుని బండి కింద దూరాడు. అరగంటలో టైరు అడుగున వేలాడింది.

"సూడు నారాయణస్వామీ. ఉయ్యాల్లో బిడ్డ మాదిరి ఉండాది."

"ఆ బిడ్డ కింద పడతాదప్పా."

అన్నది ఒక ఆడమనిషి. నల్ల కంబళి, చేతిలో గొర్రెలు తోలే కట్టె. యాభై ఏళ్ళుంటాయి. పొద్దుటి నుంచీ షెడ్డు ఎదుటే కూర్చుని ఉంది. బస్సు కోసమేమో అనుకున్నాడు దేవప్ప.

"గొర్రెల్ని యాడ ఇడిసిపెట్టినావమ్మా? పోయి వాటిని సూసుకో."

"వాటిని సూసేవోళ్ళు ఉండారు. నువ్వు ఉత్త బండి కింద కొలిచినావు. బరువెక్కించి సూడు."

"పట్టుగూళ్ళకు బరువేముండాదమ్మా?"

"పోయేటప్పుడు గూళ్ళు. వచ్చేటప్పుడో?"

నారాయణస్వామి తల గోక్కున్నాడు.

"వచ్చేటప్పుడు ఎరువు మూటలు. దారిలో మనుషులు గూడా ఎక్కుతారు."

ఆమె దేవప్పను అడగలేదు. టీ అంగడి దగ్గరున్న వాళ్ళను పిలిచింది.

"రాండప్పా, అందరూ బండెక్కండి."

"యాడికి పోతాదమ్మా?"

"యాడికీ పోదు."

"అయితే కండక్టరు గూడా రాడు," అంటూ పది మంది ఎక్కారు.

బండి కిందికి దిగింది. ఆమె వంగి చూసింది. దేవప్పా వంగాడు.

పెద్ద టైరు అంచు వెనక ఇరుసు మీదికి వచ్చి ఉంది. ఇరుసు దాన్ని పైకి నెట్టింది. గొలుసు వదులయింది. కొక్కెం పక్కకు వాలింది.

"ఇప్పుడొక గుంత వస్తే?" అంది ఆమె.

దేవప్ప కొక్కేన్ని వేలితో కదిపాడు. అది గొలుసులోంచి జారిపోయింది.

"జానెడు వెనక్కి జరుపు. గొలుసు తీసెయ్యి. అడుగున ఇనుప పట్టీ వేసి రెండు పక్కలా బోల్టు బిగించు."

"జానెడు జరిపితే వెనక తోక మాదిరి కనపడతాదే," అన్నాడు నారాయణస్వామి.

"కనపడనీ."

దేవప్ప అట్లే బిగించాడు. మళ్ళీ పది మంది ఎక్కారు. టైరు కదల్లేదు.

"ఇదంతా నీకెట్ల తెలుసమ్మా?"

"లారీలోళ్ళను అడిగినా. చెప్పేదాకా అడిగినా."

"యాల? నీకెందుకమ్మా ఇదంతా?"

ఆమె కంబళి దులుపుకుని వెళ్ళిపోయింది.

గూళ్ళు సంతకు చేరాయి. నారాయణస్వామి పోయిన చోటల్లా దేవప్ప పేరు చెప్పాడు.

మదనపల్లె నుంచి, వాయల్పాడు నుంచి బండ్లు రావడం మొదలయింది. 'దేవప్ప బిగింపు' అన్నారు. దేవప్ప కాదనలేదు.

"ఎవురు నేర్పించినారన్నా?" అని అడిగితే మీసం సవరించుకునేవాడు.

"నాకు నేర్పించే మొగోడు ఇంకా పుట్టల్యా."

మరుసటి వేసవిలో ఒక కుప్పం బండి బ్రేకుల పనికి వచ్చింది. దేవప్ప కిందికి వంగాడు. జానెడు వెనక్కి స్టెప్నీ. అదే పట్టీ. అవే బోల్టులు.

"ఎవురు బిగించినారు?"

"కుప్పంలో మునిస్వామి."

ఆ మధ్యాహ్నమే దేవప్ప కుప్పం బస్సెక్కాడు.

"మునిస్వామీ, నా పని నీ పనని చెప్పుకుంటాండావంటనే."

మునిస్వామి చేతులు తుడుచుకుని స్టూలు జరిపాడు.

"నీ పని యాడిదన్నా? కంబళి కప్పుకొని ఒకామె వచ్చి చూపించి పోయె. నీ షెడ్డుకు రాల్యా?"

దేవప్ప కూర్చున్నాడు.

"గుడుపల్లె పక్క తిమ్మక్క. కొడుకు సైకిలు మింద పోతాంటే ముందు పోయే పికప్పు స్టెప్నీ ఊడి మింద పడె. కాలు తీసేసినారు. యాల పడిందో తెలిసేదాకా ఆమె ఊరుకోల్యా. తెలిసినాక షెడ్డు షెడ్డుకూ తిరుగుతాండాది. నాది ఇరవయ్యో షెడ్డంట."

"ఆ స్టెప్నీని ఎట్ల కట్టిండిరంట?"

"గొలుసుతో యాలాడగట్టిండిరంట. యా మహానుభావుడో."

గొలుసుతో కట్టే షెడ్డు ఆ దారి పొడుగునా ఒక్కటే. తిమ్మక్క రాకముందు ఆ షెడ్డు నుంచి అట్లా మూడు బండ్లు పోయాయి.

ఆ రాత్రి దేవప్ప పుంగనూరుకు తిరిగి పోలేదు.

మరుసటి రోజు పొద్దున గుడుపల్లెలో దిగి, తిమ్మక్క ఇల్లెక్కడని అడుగుతూ పోయాడు. పాతికేళ్ళ మనిషి ఒంటికాలితో గడప మీద కూర్చుని ఉన్ని దువ్వుతున్నాడు. తిమ్మక్క చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

దేవప్ప తాగలేదు.

"అమ్మా, ఆ గొలుసు కట్టింది నేనే."

"తెలుసప్పా," అంది తిమ్మక్క. "అందుకే అన్నిటికంటే ముందు నీ షెడ్డుకే వచ్చినా."