మర్నాటి ఆట

2018 ఫిబ్రవరి 9, శుక్రవారం. సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో కంపెనీ క్యాంపు. నాలుగో రూములో ఆ మధ్యాహ్నం బగార అన్నం, కోడికూర. వంట చేసిన పీరయ్య కూరలో రెండుసార్లు ఉప్పు వేశాడు. అందరి ధ్యాసా సాయంత్రం ఆరున్నర మీదే ఉంది.

అదే రూములో ఉండే హన్మాండ్లుకు ఊళ్లో ఉన్న భార్య ముత్యవ్వ టీవీలో వచ్చే ఆడవాళ్ల ఆటల పోటీలో ఫైనల్ దాకా వెళ్లింది. గెలిచినవాళ్లకు మోటారు పిండిగిర్ని ఇస్తారు.

చానల్ యాప్‌కు డబ్బు కట్టినవాళ్లు ఆ ఆట గురువారమే చూసేశారు. కట్టనివాళ్లకు మర్నాడు సాయంత్రం ఉచితం. హన్మాండ్లు పద్ధతి ఎప్పుడూ ఆ రెండోదే. డబ్బు కట్టకుండానే చానళ్లన్నీ వచ్చే దొంగ డబ్బా పెట్టుకుందామని పీరయ్య ఎన్నిసార్లు అన్నా వినలేదు.

"ఈ దేశంల ఉండేటి ఇకామా కార్డు సక్కగుండాలె, టీవీ గూడ సక్కగుండాలె. ఒక్కరోజు ఆగితే ఏం బోతది? సీరియల్ల ఏడ్సేటోళ్లు రేపు గూడ ఏడుస్తనే ఉంటరు."

ఈసారి ఆ ఒక్కరోజు రూమంతటికీ బరువైంది. శనివారం హన్మాండ్లుకు విమానం. సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కల్లో కంపెనీ తప్పి ఎరుపు జాబితాలో పడింది. పైగా కొత్త సంవత్సరంతో బయటి దేశపు మనిషికింత అని సర్కారుకు కట్టే లెవీ పెరిగింది. రూముకొకరిని ఎగ్జిట్ వీసా కొట్టి ఊరికి పంపేస్తామన్నారు. నాలుగో రూములో అందరికంటే కొత్తవాడు నాగేందర్. ఊళ్లో అతని ఇంటికి ఇంకా కప్పు పడలేదు. అతని పేరే వస్తుందనుకున్నారు. తీరా నోటీసులో తొమ్మిదేళ్ల నుంచి ఉన్న హన్మాండ్లు పేరు ఉంది. గిర్ని వస్తే ఆయనకు ఊళ్లో ఒక బతుకుదెరువు. రాకపోతే ఉత్త చేతులు.

ఆనాటి నుంచి నాగేందర్ ఆయన కళ్లలోకి చూడలేకపోతున్నాడు.

అందుకే గురువారం సాయంత్రం ఆరో రూము నుంచి రఫీ పరిగెత్తుకొస్తే, నాగేందర్ గుమ్మంలోనే పట్టుకున్నాడు. రఫీది కడప. ఎలక్ట్రీషియన్. డబ్బు కట్టి చూసేవాడు.

"గెల్చిందప్పా! మీ వదిన గెల్చింది!"

"నోర్ముయ్ రఫీ బాయ్! అన్న రేపు తన కండ్లతోటి సూడాలె. పొయ్యేముందు ఆ ఒక్క సంతోషమన్న దక్కనియ్యి."

తెల్లారేసరికి క్యాంపులో హన్మాండ్లుకు తప్ప అందరికీ రఫీ చెప్పేశాడు.

ఇక నాగేందర్‌కు ఊపిరాడలేదు. ఊరి నుంచి ఎవరూ చేసి చెప్పేయకుండా, చార్జింగ్ పెడతానని హన్మాండ్లు ఫోను తీసుకున్నాడు. తన ఫోనులో ముత్యవ్వకు చేశాడు.

"వదినె, సాయంత్రం దాక అన్నకు ఏం చెప్పకు."

"నేనేం చెప్ప తియ్యి నాగేందరూ" అని ఆమె ఎందుకో చాలాసేపు నవ్వింది.

రఫీ నోటి మీద ఎవరికీ నమ్మకం లేదు. దవడ చుట్టూ రుమాలు బిగించి కట్టి కూర్చోబెట్టారు.

"ఏమైంది రఫీ?" అన్నాడు హన్మాండ్లు.

"పంటినొప్పిన్నా."

"నిన్నటి దాక లేకుండె గద."

"నిన్న ఆరున్నరకే పట్టుకున్నాది."

పీరయ్య నవ్వు ఆపుకోలేక బాత్రూములో దూరి నల్లా తిప్పాడు.

"గెలవలేదు గావచ్చు" అన్నాడు హన్మాండ్లు తల అడ్డంగా ఊపుతూ. "అందరు సావుకు వొయ్యొచ్చినట్టు మొకాలు వెట్టిండ్రు."

"అట్లెందుకంటవే అన్నా? మాకేం ఎరుక?" నాగేందర్ గొంతు కీచుగా వచ్చింది.

ఆరున్నర. నాలుగు మంచాల మీద పద్నాలుగు మంది. తెర మీద చక్రం తిరిగి తిరిగి బొమ్మ పడింది. చేటలో వడ్లు, బియ్యం కలిపి పోశారు. మూడు నిమిషాల్లో వేరు చేయాలి. ముత్యవ్వ కొంగు నడుముకు దోపి చెరగడం మొదలుపెట్టింది. పోటీకి నిలబడ్డ పక్కామె చెరిగితే బియ్యం కూడా ఎగిరి యాంకరమ్మ జడలో పడ్డాయి. రూమంతా ఘొల్లుమంది.

"ఇప్పుడు సూడండి, ఇప్పుడు పక్కామె చేట కిందేస్తాది!" రుమాలులోంచి అరిచాడు రఫీ. పీరయ్య అతని తొడ మీద గట్టిగా గిల్లాడు.

చేట కింద పడింది. గంట మోగింది. ముత్యవ్వ చెయ్యి పైకెత్తారు.

పద్నాలుగు మంది ఒక్కసారే ఎగిరారు. ఒక మంచం కోడు విరిగింది. ముందురోజే చూసేసిన రఫీ అందరికంటే ఎక్కువ అరిచాడు. హన్మాండ్లు తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు అదిరిపోతున్నాయి.

"ఏడ్వకన్నా" అంటూ నాగేందర్ తనే ఏడ్చేశాడు.

"మల్లొక్కపారి పెట్టుండ్రి. పైసలు కట్టేదైతే లేదు గద!" తువ్వాలలోంచే అన్నాడు హన్మాండ్లు.

మూడుసార్లు చూశారు. మూడుసార్లూ అరిచారు. తర్వాత ఎవరి రూములకు వాళ్లు వెళ్లారు. నోటీసు వచ్చాక మొదటిసారి నాగేందర్ కడుపునిండా తిని, ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు.

నెల కిందట ఆ ఆట షూటింగ్ అయిపోగానే, గెలిచింది తనేనని ముత్యవ్వ ఫోనులో చెప్పిన మర్నాడే ఆఫీసుకు వెళ్లి, లిస్టులో నాగేందర్ పేరు కొట్టించి తన పేరు రాయించుకున్న హన్మాండ్లు, శనివారం తెల్లవారుజామున పెట్టె పట్టుకుని బయటికి వచ్చి, అతనికి మెలకువ రాకుండా తలుపు మెల్లగా మూశాడు.